ముందు తలుపులు, ఆ తర్వాతే స్టీరియో

ప్రశ్న: మా కారు కొని ఐదేళ్లయింది. కంపెనీవాళ్లు బిగించిన స్టీరియోనే ఇంకా ఉంది. వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, ముందు తలుపులు దడదడలాడతాయి. పాడేవాళ్ల గొంతు మోకాళ్ల దగ్గర నుంచి వస్తున్నట్టుంటుంది, మాట స్పష్టంగా తెలియదు. షాపులో చూపిస్తే స్టీరియో, నాలుగు స్పీకర్లు, యాంప్లిఫయర్, డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్, మొత్తం మార్చాల్సిందే అన్నారు. డిక్కీలో చోటు పోవడం నాకిష్టం లేదు. వెనక సీట్లో కూర్చునే అమ్మకి పాట కొంచెం గట్టిగా పెడితే తలనొప్పి వస్తుంది. రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీద బటన్లు పనిచేయకుండా పోతాయేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. నేను ఎక్కువగా వినేది పాత మెలడీలు, అప్పుడప్పుడు వార్తలు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీరు చెప్పిన బాధలు మూడు. తలుపుల దడ, మోకాళ్ల దగ్గర నుంచి వచ్చే గొంతు, వెనక కూర్చున్న అమ్మగారికి తలనొప్పి. ఈ మూడింటికీ మూలం డాష్‌బోర్డులో ఉన్న ఆ పెట్టె కాదు. అందుకని స్టీరియో మార్చే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి. అది ఉన్నచోట ఉన్నంతకాలం మీ కెమెరాకి, స్టీరింగ్ బటన్లకి వచ్చిన ముప్పేమీ లేదు. షాపువాళ్లు చెప్పినవాటిలో మీకు కావలసింది ముందు వైపు స్పీకర్ల జత, తర్వాత వీలైతే శబ్దానికి పవర్ పెంచే ఒక చిన్న యాంప్లిఫయర్, అదే యాంప్. అన్నిటికన్నా ముందు జరగాల్సిన పని మాత్రం వాళ్లు చెప్పనే లేదు. అది తలుపుల పని.

దానికన్నా ముందు ఒక సాయంత్రం కారు ఆపుకుని కూర్చుని సెట్టింగులు చూడండి. స్టీరియోలో బాస్, ట్రెబుల్ రెండూ సున్నాకి తెండి. లౌడ్‌నెస్, బాస్ బూస్ట్ లాంటివి ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఫోన్‌లో కూడా ఒక ఈక్వలైజర్ ఉంటుంది. చాలామంది ఎప్పుడో ఇయర్‌ఫోన్ల కోసం దాన్ని మార్చి మరిచిపోతారు. దాన్నీ ఆపండి. పాటల యాప్‌లో డేటా ఆదా చేసే సెట్టింగ్ ఉంటే తీసేసి, ఉన్నవాటిలో మంచి క్వాలిటీ పెట్టుకోండి. బ్లూటూత్‌లో వింటున్నప్పుడు ఫోన్ వాల్యూమ్ పూర్తిగా కాకపోయినా దాదాపు పైదాకా ఉంచి, ఎంత గట్టిగా వినాలన్నది స్టీరియో దగ్గర తేల్చుకోండి. ఫోన్‌లో సగానికి దించి స్టీరియోలో పూర్తిగా పెంచితే పాటతో పాటు బుస కూడా పెరుగుతుంది. కేబుల్ పెట్టే వీలుంటే ఒకసారి పెట్టి, అదే పాటని రెండు రకాలుగా విని చూడండి. తేడా తెలిస్తే కేబులే వాడండి, తెలియకపోతే బ్లూటూత్ గురించి ఇక ఆలోచించకండి.

బాస్ ఎందుకు సున్నాకి తెమ్మన్నానో చెప్పాలి. తెర మీద బాస్‌ని 6 డెసిబెల్స్ పెంచామంటే ఆ కింది స్వరాల కోసం యాంప్ నాలుగు రెట్లు పవర్ పంపాలి. 3 డెసిబెల్స్‌కి రెట్టింపు, 6కి నాలుగు రెట్లు, 10కి పది రెట్లు, అదీ లెక్క. కంపెనీ స్టీరియోలో అంత పవర్ ఉండదు. ఉన్నది కాస్తా బాస్‌కే పోయి, అలల తలలు కోసేసినట్టు శబ్దం గరగరలాడుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అమ్మగారి తలనొప్పికి మొదటి అనుమానితుడు ఇదేనని నా నమ్మకం. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యలో. క్లిప్పింగ్ వల్ల పుట్టే గరుకుదనం చాలావరకు అక్కడే వచ్చి గుచ్చుకుంటుంది. రెండో అనుమానితుడు వెనక తలుపు స్పీకర్. ముందు కూర్చున్న మీకు సరిపోయేంత శబ్దం పెడితే, దాని పక్కనే కూర్చున్న ఆవిడకి అది మరీ ఎక్కువైపోతుంది. శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్ల మధ్య పంచే సెట్టింగ్‌ని ఫేడర్ అంటారు, దాన్ని ముందుకు జరపండి. వెనక స్పీకర్లు పూర్తిగా ఆపక్కర్లేదు, ఉన్నాయా లేవా అన్నట్టు వినిపిస్తే చాలు. ఈ ఒక్క మార్పుతోనే ఆవిడకి చాలా తేడా తెలియాలి.

ఇప్పుడు తలుపు సంగతి. డోర్ ప్యాడ్ ఊడదీసినప్పుడు దగ్గర నిలబడి చూడండి. మీరే స్వయంగా చూస్తే నేను చెప్పేదంతా నమ్మకం కుదురుతుంది. అరచేయంత స్పీకర్ ఉంటుంది. పల్చటి కాగితం కోను, ప్లాస్టిక్ చట్రం, వెనక్కి తిప్పి చూస్తే చిన్న అయస్కాంతం. చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. స్పీకర్ తీసేశాక ఆ రంధ్రంలోంచి లోపలికి చూస్తే అద్దం కిందికీ పైకీ జరిగే పట్టా, తాళం కడ్డీలు, వాటి వెనక బయటి రేకు కనిపిస్తాయి. ఆ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. వేలి కణుపుతో కొట్టండి. నూనె డబ్బా మీద కొట్టినట్టు డంగ్‌మని మోగి, ఆ మోత కాసేపు అలాగే ఉంటుంది. లోపలి రేకు మీద పెద్ద పెద్ద కన్నాలు ఉంటాయి, వాటి మీద ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. ఐదేళ్లలో దాని జిగురు ఎండి అంచులు లేచిపోయే ఉంటాయి. మీ పాటలన్నీ ఇన్నాళ్లూ వస్తున్నది ఈ డబ్బాలోంచి.

స్పీకర్ కోను ముందుకి కదిలినప్పుడు ముందు గాలిని తోస్తుంది, అదే క్షణంలో వెనక గాలిని లాగుతుంది. అంటే ముందు నుంచీ వెనక నుంచీ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైన శబ్దాలు పుడతాయి. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, ముఖ్యంగా బాస్‌లో. ఇంట్లో వాడే స్పీకర్‌కి చెక్కపెట్టె ఉండేది ఊరికే అందం కోసం కాదు, వెనక శబ్దాన్ని లోపలే బంధించడానికి. కారులో ఆ చెక్కపెట్టె పని తలుపు చేయాలి. కన్నాలున్న, మోగే రేకు తలుపు ఆ పని ఎలా చేస్తుంది? ఎంత మంచి స్పీకర్ తెచ్చి పెట్టినా దాని బాస్ సగం ఆ కన్నాల్లోంచే కొట్టుకుపోతుంది, మిగిలింది రేకుని మోగిస్తుంది. కొత్త స్పీకర్లు వేయించుకున్నా పెద్ద తేడా లేదని నిరాశపడేవాళ్లలో చాలామంది కథ ఇదే.

చేయాల్సింది రెండు పనులు. మొదటిది రేకు మోతని ఆపడం. దీనికి బ్యూటైల్ రబ్బరు మీద అల్యూమినియం రేకు అంటించిన డ్యాంపింగ్ షీట్లు దొరుకుతాయి. బయటి రేకు లోపలి వైపు, స్పీకర్ సరిగ్గా వెనక ఉండే చోట ముందు అంటించాలి. అంగుళం కూడా వదలకుండా కప్పాల్సిన పని లేదు. పెద్ద చదునైన భాగాల మధ్యలో పావు నుంచి సగం వరకు కప్పితే మోత చాలావరకు తగ్గుతుంది. అంతకు మించి వేసేదంతా తలుపుకి బరువే తప్ప చెవికి పెద్దగా లాభం ఉండదు. అంటించే ముందు రేకుని దుమ్ము, జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడవాలి. అంటించాక రోలర్‌తో గట్టిగా రుద్దాలి. గాలి బుడగలు మిగిలితే ఆ చోట షీటు ఉండీ లేనట్టే. తారుతో చేసిన షీట్లు మాత్రం వద్దు. ఎండలో నిలిపిన కారులో అవి మెత్తబడి జారిపోతాయి, వాసన కూడా కొడతాయి.

రెండోది లోపలి రేకు కన్నాలు మూయడం. పెద్ద కన్నాలకి ముందు గట్టి ప్లాస్టిక్ ముక్క గానీ అల్యూమినియం పలక గానీ బిగించి, దాని మీద షీటు వేయించండి. ఊరికే షీటుతో మూస్తే అది డప్పు చర్మంలా ఊగుతుంది. తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటి జోలికి పోకూడదు. వాన నీళ్లు అద్దం పక్క నుంచి తలుపులోకి దిగి ఆ రంధ్రాల్లోంచే బయటికి పోతాయి. అవి మూసుకుంటే తలుపు తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ కాగితం తీసేసినచోట షీటు అంచులు సరిగ్గా అతకకపోతే నీళ్లు కారు లోపలికి కూడా వస్తాయి. పనివాళ్లు ఇంటికి పంపే ముందు అద్దం మీద ఒక బకెట్ నీళ్లు పోసి చూడమనండి. అద్దం పూర్తిగా కిందికీ పైకీ రెండుసార్లు తిప్పించండి, ఏమీ తగలకూడదు.

ఇదంతా అయ్యాక మళ్లీ వేలి కణుపుతో కొట్టండి. ఇందాకటి డంగ్ పోయి, పుస్తకం మీద కొట్టినట్టు డప్‌మని ఆగిపోతుంది.

అప్పటికీ ఎక్కడో గరగర మిగిలితే దాన్ని పట్టుకోవడానికి సులువైన దారి ఉంది. 20 హెర్ట్జ్ నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పెరిగే టోన్ ఫోన్‌లో పెట్టండి. ఏ స్వరం దగ్గర దడ మొదలైందో అక్కడ ఆపి అదే మోగనివ్వండి. ఒకరు అరచేత్తో ప్యాడ్ మీద ఒక్కో చోటా నొక్కుతూ వెళ్లాలి. ఏ చోట నొక్కితే దడ ఆగిందో దొంగ అక్కడే ఉన్నాడు. చాలాసార్లు విరిగిన క్లిప్, రేకుకి తగులుతున్న వైరు, తాళం కడ్డీ, ప్యాడ్ జేబులో పెట్టిన బాటిల్ లాంటివే బయటపడతాయి. ఒక ఫోమ్ ముక్క, రెండు కొత్త క్లిప్పులతో అయిపోయే పని.

తలుపు సిద్ధమయ్యాక స్పీకర్లు. ముందు జత మాత్రమే మార్చండి. మీకు కాంపొనెంట్ రకం సరిపోతుంది. ఇందులో బాస్, మధ్య స్వరాలు పలికే వూఫర్ తలుపులో ఉంటుంది, పై స్వరాలు పలికే ట్వీటర్ విడిగా ఉంటుంది, ఎవరికి ఏది పంపాలో విడదీసే క్రాసోవర్ మధ్యలో ఉంటుంది. కోయాక్సియల్ రకంలో రెండూ ఒకే చట్రంలో ఉంటాయి. బిగించడం తేలికే గానీ, స్పీకర్ తలుపు కింద భాగంలో ఉంటే పై స్వరాలు కూడా మీ కాలికే తగులుతాయి. గొంతు మోకాళ్ల దగ్గర నుంచి వస్తోందని మీరు రాసింది బహుశా అందుకే. పై స్వరాలు సూటిగా పోతాయి, అడ్డం ఏదున్నా అక్కడే ఆగిపోతాయి. దిక్కు పోల్చుకోవడానికి చెవి ఎక్కువగా వాటి మీదే ఆధారపడుతుంది. అందుకే ట్వీటర్‌ని అద్దాల మూలకో, డాష్‌బోర్డు అంచుకో తెచ్చామంటే వూఫర్ కిందే ఉన్నా పాట మొత్తం కళ్లెదురుగా లేచి నిలబడినట్టు వినిపిస్తుంది. కొన్ని కార్లలో ట్వీటర్‌కి కంపెనీవాళ్లే అక్కడ చోటు వదిలిపెడతారు, మూత తీసి చూడండి. లేదు, ముందు అద్దం పక్కనుండే స్తంభం మీద బిగిస్తామంటే లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందేమో ముందు తెలుసుకోవాలి. స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే అక్కడ ఏమీ బిగించనివ్వకండి. ఆ బ్యాగ్ తెరుచుకుంటే అక్కడ బిగించిన వస్తువు మనిషి మీదికి దూసుకొస్తుంది.

స్పీకర్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో 300 వాట్లు అని ఉంటుంది. దాన్ని చూడకండి. మీరు చూడాల్సిన అంకెలు రెండు, ఆర్ఎంఎస్ వాట్లు (ఆగకుండా నడిచే అసలు పవర్), సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె). స్టీరియో మీద కూడా 4 గుణించు 50 వాట్లు అని రాసి ఉంటుంది కదా. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండే వోల్టేజి 14 చిల్లర. స్టీరియో ఆ వోల్టేజి మీదే నడుస్తుంది కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్‌కి (ఓమ్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు కొలత) అది శుభ్రంగా ఇవ్వగలిగేది దాదాపు 20 వాట్లే. ఆ కొంచెం పవర్‌తో గట్టిగా పలికే స్పీకర్ కావాలంటే సెన్సిటివిటీ ఎక్కువ ఉండాలి. 87 డెసిబెల్స్ ఉన్నదానికి, 91 ఉన్నదానికి మధ్య తేడా నాలుగే అనిపిస్తుంది. కానీ మొదటిది రెండోదానితో సమానంగా పలకాలంటే దానికి రెండున్నర రెట్లు పవర్ కావాలి. ఒక జాగ్రత్త. ఈ అంకెని కొన్ని కంపెనీలు 1 వాట్‌కి కొలిచి రాస్తాయి, కొన్ని 2.83 వోల్టులకి కొలుస్తాయి. 4 ఓమ్‌ల స్పీకర్ విషయంలో 2.83 వోల్టులంటే 2 వాట్లు, అంటే అంకె 3 ఎక్కువ కనబడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది చూసుకోండి.

పాత స్పీకర్ ఎన్ని ఓమ్‌లో కూడా తీసినప్పుడే మీటర్‌తో కొలిపించండి. 4 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. కొన్ని కార్లలో కంపెనీవాళ్లు 2 ఓమ్‌లవి వాడతారు, ముఖ్యంగా విడిగా యాంప్ ఉన్నవాటిలో. అక్కడ 4 ఓమ్‌లవి పెడితే శబ్దం తగ్గిపోయి, కొత్తవే నాసిరకమేమో అనిపిస్తుంది. 4 ఓమ్‌ల కోసం చేసిన స్టీరియోకి 2 ఓమ్‌లవి తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోవచ్చు, పాడైపోవచ్చు కూడా.

స్పీకర్‌కి, తలుపుకి మధ్య వేసే రింగు సంగతి చాలామంది పట్టించుకోరు. చెక్కపొడి అట్టతో చేసిన రింగు తలుపులో తడికి ఉబ్బి పగులుతుంది, గట్టి ప్లాస్టిక్‌ది వేయించండి. రింగుకి రేకుకి మధ్య, స్పీకర్‌కి ప్యాడ్‌కి మధ్య ఫోమ్ పట్టీ ఉండాలి. లేకపోతే శబ్దం సగం ప్యాడ్ వెనకే తిరుగుతూ ఉండిపోతుంది. కారు మోడల్‌కి సరిపోయే, కోయకుండా నేరుగా తగిలించే కప్లర్ వైర్లు దొరుకుతాయి, అవి అడగండి. కంపెనీ వైరు కోసి టేపు చుట్టనివ్వకండి.

ఇక ప్లస్, మైనస్. దీని మీద నాకు ప్రత్యేకమైన పట్టుదల ఉంది. నా మొదటి కారులో స్పీకర్లు నేనే బిగించుకుని, ఎడమ తలుపులో ఈ రెండూ తారుమారు చేశాను. పాట మోగుతోంది, గరగర లేదు, ఏ తప్పూ కనబడదు. కానీ బాస్ లేదు. గొంతు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పలేనట్టు తల చుట్టూ తిరుగుతోంది. స్పీకర్లే బాగాలేవనుకుని నెల రోజులు బాధపడ్డాను. ఒక కోను ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోంది, రెండూ కలిసి బాస్‌ని చంపేస్తున్నాయి. రెండు వైర్లు మార్చి తగిలించగానే అవే స్పీకర్లు వేరేవన్నట్టు పలికాయి. మీరు పరీక్షించడం తేలిక. బ్యాలెన్స్ మధ్యలో పెట్టి, ఒకే గొంతు ఉన్న పాటో వార్తలో పెట్టండి. గొంతు ఒకచోట కుదురుగా నిలబడకుండా పరుచుకుపోయి, బాస్ పలచబడితే ఎక్కడో తారుమారైందన్నమాట. తలుపు మూయకముందే అయితే 1.5 వోల్టుల బ్యాటరీని వూఫర్ వైర్లకి ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలినప్పుడు కోను బయటికి రావాలి. ట్వీటర్‌కి మాత్రం ఈ పరీక్ష చేయకండి.

ఇక్కడ ఆగి ఒక వారం పది రోజులు వినండి. మెలడీలు, వార్తలు వినే మీకు ఇది చాలనిపించే అవకాశం చాలా ఉంది. స్టీరియోలో హైపాస్ సెట్టింగ్ ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి. తలుపు స్పీకర్ పలకలేని అడుగు స్వరాలు దానికి వెళ్లకుండా ఆగుతాయి, గొంతు తేటపడుతుంది.

వాల్యూమ్ సగం దాటాక మళ్లీ గరుకుగా ఉంటే అప్పుడు యాంప్. చానెల్‌కి 50 వాట్ల ఆర్ఎంఎస్ ఉన్న చిన్న నాలుగు చానెళ్ల (అంటే నాలుగు స్పీకర్లకి విడివిడిగా పంపే) క్లాస్ డి యాంప్, అంటే తక్కువ వేడెక్కే చిన్న రకం, మీకు ఎక్కువే. సీటు కిందో డాష్‌బోర్డు వెనకో పట్టేస్తుంది, డిక్కీతో పని లేదు. హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్నది తీసుకోండి. అంటే స్టీరియో నుంచి స్పీకర్లకి వెళ్లే వైర్లనే అది అందుకుంటుంది. స్టీరియో కదలదు, తెర కదలదు, కెమెరా కదలదు. మీరు వెనక సీటు గురించి ఆలోచించేవారు కాబట్టి ఫేడర్ కూడా పాతలాగే పనిచేయాలని ముందే చెప్పండి. దానికి ముందు చానెళ్లు, వెనక చానెళ్లు విడివిడిగా కలపాలి.

ఒక చిక్కు మాత్రం ఉంది. కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెరిగేకొద్దీ బాస్‌ని వాటంతట అవే తగ్గించేస్తాయి, బలహీనమైన కాగితం స్పీకర్లని కాపాడుకోవడానికి. తక్కువ వాల్యూమ్‌లో నిండుగా ఉన్న పాట పెంచేకొద్దీ పలచబడుతోందంటే మీదీ ఆ రకమే. అప్పుడు డీఎస్పీ, అంటే శబ్దాన్ని లెక్కలు కట్టి సరిదిద్దే చిప్, ఉన్న యాంప్ తీసుకుంటే ఆ లోటు సరిచేయొచ్చు. డీఎస్పీతో ఇంకో లాభం కూడా ఉంది, నాకు కారు ఆడియోలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. కారులో డ్రైవర్ మధ్యలో కూర్చోడు. ఒక స్పీకర్ దగ్గర, ఇంకోటి దూరం. తేడా అర మీటరు ఉందనుకోండి. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది, కాబట్టి దగ్గరి స్పీకర్ శబ్దం సుమారు ఒకటిన్నర మిల్లీసెకను ముందే చెవిని చేరుతుంది. అంత చిన్న తేడాకే మెదడు పాట మొత్తాన్ని దగ్గరి తలుపుకి కట్టేస్తుంది. డీఎస్పీలో దగ్గరి స్పీకర్‌ని ఆ ఒకటిన్నర మిల్లీసెకను ఆపితే రెండూ ఒకేసారి చేరతాయి. గొంతు ఒక్కసారిగా తలుపు వదిలి డాష్‌బోర్డు మీదికి వచ్చి నిలబడుతుంది. మొదటిసారి విన్నవాళ్లు డాష్‌బోర్డు మీద ఇంకో స్పీకర్ ఉందేమోనని వెతుక్కుంటారు.

యాంప్ పెట్టించేటప్పుడు వైరింగ్ దగ్గర నిలబడండి. పవర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, బ్యాటరీకి అర మీటరు లోపే ఫ్యూజ్ ఉండాలి. ఆ ఫ్యూజ్ కాపాడేది యాంప్‌ని కాదు, వైరుని. వైరు ఎక్కడైనా రేకుకి ఒరుసుకుని షార్ట్ అయితే ఫ్యూజ్ లేని చోట మంట పుడుతుంది. వైరు పూర్తి రాగిదేనా అని అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, అదే లావు రాగి వైరు మోసినంత కరెంటు మోయలేదు. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, పెయింటు గీకి మెరిసే రేకు మీద బిగించాలి. పెయింటు మీద బిగిస్తే ఆక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కుయ్‌మనే సన్నటి కూత పాటలో కలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీయించడం, ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద చేయి పడకుండా చూడటం తప్పనిసరి. అవి ఎక్కువగా పసుపు రంగు గొట్టంలో ఉంటాయి. వారంటీ ఇంకా మిగిలి ఉంటే వైరు కోస్తే అది వర్తిస్తుందో లేదో కాగితాల్లో చూసుకోండి.

యాంప్ మీద గెయిన్ అనే చిన్న మర ఉంటుంది. అది వాల్యూమ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్‌కి, యాంప్‌కి పొత్తు కుదిర్చేది మాత్రమే. గెయిన్ కిందికి దించి, స్టీరియోని ముప్పావు వరకు పెంచి, శుభ్రంగా రికార్డయిన పాట పెట్టి, మెల్లగా తిప్పుతూ గరుకుదనం మొదలయ్యే చోటికి కొంచెం ముందే ఆపాలి. గట్టిగా వినిపిస్తే కస్టమర్ సంతోషిస్తాడని పూర్తిగా తిప్పేసి పంపేవాళ్లున్నారు. ట్వీటర్లు కాలిపోయేది ఎక్కువగా అక్కడే.

అడుగు స్వరాలు మాత్రమే పలికే స్పీకర్ సబ్‌వూఫర్, దాని గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మీరు వినే పాటలకి దాని అవసరం తక్కువ. ఎప్పుడైనా కావాలనిపిస్తే సీటు కింద పట్టే పల్చటి రకం చూడండి. 80 హెర్ట్జ్ కంటే కింది స్వరాలు ఎటు నుంచి వస్తున్నాయో చెవి పోల్చుకోలేదు, కాబట్టి అది ఎక్కడున్నా ఫరవాలేదు. పైగా కారు లోపలి చోటు చిన్నది, అడుగు స్వరాలు వాటంతట అవే బలపడతాయి. అందుకే చిన్న సబ్ కూడా కారులో సరిపోతుంది. డిక్కీ మీకే ఉంటుంది.

స్టీరియో మార్చాల్సిన రోజు కూడా రావచ్చు. తెర పాడైపోతేనో, ఫోన్ మ్యాప్‌లు తెర మీద కావాలనిపిస్తేనో మార్చండి, శబ్దం కోసం కాదు. అప్పుడు మీ మోడల్‌కి సరిపోయే స్టీరింగ్ బటన్ల అడాప్టర్, కెమెరా అడాప్టర్ దొరుకుతాయా అని ముందు కనుక్కుని, పనిచేయడం చూశాకే పాతది ఇంటికి తెచ్చుకోండి. పారేయకండి, కారు అమ్మేటప్పుడు తిరిగి బిగించొచ్చు.

షాపుకి ఇలా చెప్పండి: ముందు రెండు తలుపులకి డ్యాంపింగ్, కన్నాలు మూయడం, ప్లాస్టిక్ రింగులు, ముందు కాంపొనెంట్ జత. ఇంతే, మిగతావి తర్వాత. తలుపు తెరిచి ఉన్నప్పుడు ఫోటోలు తీసుకుంటానని కూడా చెప్పండి. స్పీకర్లు ఎంచుకునేటప్పుడు మీకు ప్రతి అక్షరం తెలిసిన పాట ఒకటి తీసుకెళ్లండి. అక్కడ వాళ్లు పెట్టే దడదడ బాస్ పాట కాకుండా దాన్నే వినండి. గొంతులో ఊపిరి, తబలా మీద వేలి దెబ్బ ఏ స్పీకర్‌లో విడిగా తెలిస్తే అది మీది.

పని పూర్తయ్యాక మొదటి ప్రయాణంలో మీరు వెనక సీట్లో కూర్చుని, వేరేవాళ్లని నడపమనండి. అమ్మగారి చోట నుంచి ఒక అరగంట వినండి. ఫేడర్ ఎక్కడ ఆగాలో అక్కడి నుంచే తెలుస్తుంది. అప్పటికీ బాస్ చాలడం లేదనిపిస్తే కారు మోడల్, పాత స్పీకర్ ఓమ్‌లు రాసి పంపండి. యాంప్ ఏది సరిపోతుందో చూసి చెప్తాను.